నాన్నమ్మ జీవితాన్ని పుస్తకంగా కూర్చడం: సరిహద్దు తెలుగు ఇళ్ళకు ఒక దారి

ఇంట్లో పెద్దావిడ కాలం చేశాక పన్నెండో రోజు దాకా బంధువులు వస్తూనే ఉంటారు, ఆవిడ గురించి చెప్పుకుంటూనే ఉంటారు. పదమూడో రోజు పొద్దున్నే ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోతారు. ఆవిడను చిన్ననాటి నుంచి ఎరిగినవాళ్ళు, కాపురానికి వచ్చిన నాటి నుంచి ఎరిగినవాళ్ళు, ముసలితనంలో చాకిరీ చేసినవాళ్ళు అలా ఒకే సావిట్లో మళ్ళీ కూడడం దాదాపుగా జరగదు. 2024లో మా నాన్నమ్మ పోయినప్పుడు పర్లాకిమిడిలో మా ఇంటి నిండా అటువంటివాళ్ళే ఉన్నారు. నేను మాత్రం వచ్చినవాళ్ళ భోజనాలు, పడకలు చూసుకుంటూ ఒక్క నోటు పుస్తకమైనా తీయలేదు. ఆ మాటల కోసం తరవాత ఏడాదంతా గుణుపురం, బరంపురం, టెక్కలి, పాతపట్నం తిరగవలసి వచ్చింది. సంవత్సరీకం నాటికి అరవై పేజీల పుస్తకం తయారైంది. అటువంటి పని తలపెట్టిన మరో ఇంటికి ఉపయోగపడాలని, మేము చేసిన క్రమాన్నీ చేసిన తప్పులనూ ఇక్కడ రాస్తున్నాను. ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాలకు ఈ పనిలో కొన్ని ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి కనుక వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

మీ ఇంట్లో పెద్దావిడ ఇంకా ఉన్నారంటే ఇందులో సగం పని ఆవిడ దగ్గర కూర్చునే చేయవచ్చు. దయచేసి ఈ వారమే మొదలుపెట్టండి.

మొదటి పని: పేర్లు

కథలు తరవాత అడగవచ్చు, ముందు పేర్లు అడగాలి. కథ ఒకరికి గుర్తు లేకపోతే మరొకరికి గుర్తుంటుంది, పేరు అలా దొరకదు. ఆవిడ తల్లిదండ్రులు, తాతలు, మేనమామలు, పుట్టి పోయిన అన్నదమ్ములు, పక్కింటివాళ్ళు, పురుడు పోసిన మంత్రసాని, పెళ్ళి సంబంధం తెచ్చిన మనిషి, ఇంటికి పాలు పోసినవాళ్ళు, ఇలా ఒక పెద్ద కాగితం మీద రాసుకుంటూ పోవాలి. ఒక్కొక్క పేరు పక్కన ఆ సంగతి ఎవరు చెప్పారో కూడా రాయాలి. మా ఇంట్లో నాన్నమ్మ తల్లిగారి పేరు ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. ఎవరు చెప్పారో రాసుకున్నందువల్లనే, ఒకటి పుట్టింటి పేరనీ, ఒకటి అత్తవారింట్లో మార్చిన పేరనీ, మూడోది పిలుపు పేరనీ తరవాత తేలింది.

ఆవిడను ఎవరు ఏమని పిలిచేవారో ఆ కాగితం మీదే ఒక మూల రాయండి. మా నాన్నమ్మ కూతుళ్ళ పిల్లలకు అమ్మమ్మ, మాకు నాన్నమ్మ, ఒడియా ఇంటి నుంచి వచ్చిన మా తమ్ముడి భార్యకు జేజీమా. పుట్టింటి ఊళ్ళో మాత్రం చివరిదాకా ఫలానావారి పెద్దగుంటే. పుస్తకంలో ఏ అధ్యాయం ఎవరి నోటి మీదుగా నడుస్తున్నదో ఆ పిలుపే అక్కడ వాడాలి. అన్నిచోట్లా 'ఆమె' అని రాస్తే మనిషి దూరమవుతుంది.

పుట్టిన ఏడు తేల్చడం

మా నాన్నమ్మ ఆధార్ కార్డులో పుట్టిన తేదీ 1938 జనవరి 1 అని ఉంది. ఆ తరం కార్డులు పరచి చూస్తే జనవరి 1, జూలై 1 తారీకులు ఎన్నో కనిపిస్తాయి, ఎందుకంటే తేదీ తెలియనప్పుడు గుమాస్తాలో బడి పంతుళ్ళో వేసిన తారీకులు అవి. వాటిని నమ్మి వయసు లెక్క కట్టకూడదు. మరణ ధ్రువపత్రంలో మాత్రం గుర్తింపు కార్డుతో సరిపోయే వయసే ఉండనివ్వండి. ఆ నమోదు 21 రోజుల్లోపు జరగాలి, పింఛను పనులకూ ఆస్తి పనులకూ అదే అవసరం. అసలు వయసు పుస్తకంలోకి రావాలి.

దానికి ఆధారం తెలుగు సంవత్సరం పేరు. నాన్నమ్మ తాను ఆంగీరస సంవత్సరంలో, మాఘ మాసంలో, రథసప్తమి వెళ్ళిన మూడో నాడు పుట్టానని చెప్పేది. అరవై ఏళ్ళకు ఒకసారి అదే పేరు తిరిగి వస్తుంది కనుక ఆంగీరస అంటే 1932 కావాలి, లేదా 1992 కావాలి. ఇందులో సందేహం లేదు. చాలామంది పొరపాటు పడేది ఆ తరవాతే. తెలుగు సంవత్సరం ఉగాదికి మొదలై మరుసటి ఉగాదికి ముగుస్తుంది. కాబట్టి ఆంగీరస 1932 ఏప్రిల్‌లో మొదలైనా దాని మాఘ మాసం 1933లోకి వస్తుంది, అంటే ఆమె పుట్టింది 1933 ఫిబ్రవరి మొదటి వారంలో. పుష్య బహుళం, మాఘం, ఫాల్గుణం అని చెప్పిన ప్రతివారికీ ఇంగ్లీషు సంవత్సరం ఒకటి కలపాలని గుర్తుంచుకోండి. వరసకు ఉపయోగపడేలా మరికొన్ని చెబుతాను: ప్రభవ 1927, ధాత 1936, చిత్రభాను 1942, సర్వజిత్తు 1947, విజయ 1953, దుర్ముఖి 1956. ఇవన్నీ ఆయా సంవత్సరాల ఉగాది నుంచి లెక్క.

సంవత్సరం పేరు తెలియకపోతే ఊరంతా ఎరిగిన సంఘటనను పట్టుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైంది. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేశాయి, ఆ భయంతో పట్నం వదిలి వచ్చిన చుట్టాలు మన పల్లెల్లో చాలా ఇళ్ళలో తలదాచుకున్నారు. 1948 జనవరిలో గాంధీగారు పోయారు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాయి. 1980 ఫిబ్రవరి 16న మధ్యాహ్నం పూట సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది, అదే ఏడు సెప్టెంబరులో వంశధార గుణుపురాన్ని ముంచింది. 1999లో పెనుతుపాను, 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ వచ్చాయి. "అప్పటికి నువ్వు పుట్టావా, పెళ్ళైందా, చంకలో ఎవరున్నారు?" అని అడిగితే తారీకు తెలియనివారు కూడా తడుముకోకుండా చెబుతారు. వైజాగులో బాంబులు పడ్డ వేసవికి తనకు పదో ఏడు నడుస్తోందని నాన్నమ్మ చెప్పిన మాట 1933తో సరిపోయింది. పాతకాలంవారు నిండిన ఏళ్ళు చెప్పరు, నడుస్తున్న ఏడు చెబుతారు. పదో ఏడు అంటే తొమ్మిది నిండాయని అర్థం. రెండు వేరు వేరు ఆధారాలు ఒక చోట కలిసినప్పుడే తేదీని పుస్తకంలోకి ఎక్కించండి, ఒక్కటే ఉంటే 'అని చెప్పేవారు' అని రాయండి.

ఊరు కదలదు, జిల్లా మారుతుంది

నాన్నమ్మ పుట్టిల్లు పాతపట్నం దగ్గరి పల్లె, మెట్టిల్లు పర్లాకిమిడి. ఆమె పుట్టినప్పుడు ఈ రెండూ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనే ఉండేవి. మూడేళ్ళ పిల్లగా ఉండగా గీత గీశారు. పర్లాకిమిడి ఒడిశాకు వచ్చింది, పుట్టిల్లు మద్రాసు వైపు మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిసింది. ఆ పుట్టిల్లు 1950లో శ్రీకాకుళం జిల్లాకూ, 1953లో ఆంధ్ర రాష్ట్రానికీ, 1956లో ఆంధ్రప్రదేశ్‌కూ చెందింది. మెట్టిల్లు 1992 అక్టోబరులో గంజాం నుంచి విడిపడి గజపతి జిల్లా అయింది. ఆమె మాత్రం ఈ రెండు ఊళ్ళ మధ్యనే, నౌపడా నుంచి వచ్చే రైలు దారిలో పక్కపక్క స్టేషన్ల దూరంలోనే తొంభై ఒక్క ఏళ్ళు బతికింది. 1948 వేసవిలో పెళ్ళికూతురుగా ఆ సన్న పట్టాల బండిలోనే వచ్చింది. బండి కదిలాక గంటలోపే అత్తవారి ఊళ్ళో దిగింది, దిగాక రాష్ట్రం వేరని అప్పుడు ఎవరూ అనుకోలేదని చెప్పేది.

ఇంత వివరం ఎందుకంటే, ఊరి పేరు పక్కన ఇప్పటి జిల్లా రాసి ఊరుకుంటే పాత కాగితాలు దొరకవు. ఏ సంఘటన రాస్తున్నారో ఆ నాటి జిల్లా రాసి, ఇప్పటి జిల్లా పక్కన చేర్చండి. రాయగడ కూడా 1992 దాకా కొరాపుట్ జిల్లాలోదే. భూమి కాగితాలు వెతికేటప్పుడు 1936కు ముందువి ఏ భాషలో ఉన్నాయి, తరవాతివి ఏ భాషలో ఉన్నాయి అన్నది చూసుకోండి. మా ఇంట్లో తాతగారి తండ్రి నాటి దస్తావేజు తెలుగులో, తాతగారిది ఒడియాలో, నాన్నది ఇంగ్లీషు కలిసిన ఒడియాలో ఉన్నాయి. మూడింటినీ పక్కపక్కన ఉంచి ఒకే పేజీలో వేశాము. ఒక్క మాట రాయకుండానే ఆ పేజీ చాలా చెప్పింది.

ఆమె మాటను ఆమె మాటగానే

ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమని నేను నమ్మేది ఇదే. మన పెద్దవాళ్ళ తెలుగు పుస్తకాల తెలుగు కాదు, పక్కా ఒడియా కలవని తెలుగూ కాదు. మా నాన్నమ్మ కాస్త ఆగమనడానికి "టికె ఆగు" అనేది, ఒప్పుకున్నప్పుడు "హఉ" అనేది, బజారులో "కేతే?" (ఎంత?) అని బేరం మొదలుపెట్టి తెలుగులో ముగించేది, పొద్దుటి గంజన్నాన్ని ఇంట్లో చద్దన్నమనీ, వీధిలో పఖాళ అనీ పిలిచేది. రాసేటప్పుడు దీన్నంతా శుభ్రం చేయాలని చేయి లాగుతుంది. మా మొదటి ప్రతిలో నేనూ అదే చేశాను.

ఆమె చెప్పిన ఒక సంగతిని నేను ఇలా రాశాను: "ఆ సంవత్సరం వరద కారణంగా మేము బండిని విడిచిపెట్టి కాలినడకన వచ్చాము. మా చెల్లెలిని నాన్నగారు భుజంపై కూర్చోబెట్టుకున్నారు." తప్పేమీ లేదు, కానీ మా మేనత్త అది విని ఊరుకుంది. తరవాత రికార్డింగులో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను: "ఆ ఏడు ఏరు పొంగితే బండి ఒగ్గేసి నడిసొచ్చినాం. చెల్లిని నాయన బుజం మీద కూకోబెట్టుకున్నాడు. నీళ్ళు నా గుండెల కాడికొచ్చినాయి. నాను ఏడవలేదు." మేనత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. 'నాను ఏడవలేదు' అన్న మాట నా శుభ్రమైన ప్రతిలో లేదు, అనవసరమనుకుని వదిలేశాను.

వాడుక మాటే రాతలోకి రావాలని పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి గారు (1863–1940) పనిచేసినది మన పర్లాకిమిడిలోనే. రాజావారి బడిలో పాఠాలు చెబుతూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసినదీ ఇక్కడే. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ ఊరి నుంచి రాస్తూ ఇంటి పెద్దావిడ మాటను దిద్దడం నాకు సరైనదనిపించలేదు. ఆమె చెప్పినది ఆమె యాసలో, మన వివరణ మామూలు తెలుగులో, రెండూ వేరు వేరు అచ్చు అక్షరాలలో ఉండాలన్నది మేము పెట్టుకున్న నియమం.

రికార్డు చేయడం గురించి నేర్చుకున్నది చెబుతాను. నేను 2021లో రెండు సాయంత్రాలు నాన్నమ్మ మాటలు ఫోనులో పట్టాను. వేసవి కావడంతో పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇప్పుడు వింటే సగం చోట్ల ఫ్యాను చప్పుడే వినిపిస్తుంది, ఆమె గొంతు వెనక్కి పోయింది. పది నిమిషాలు ఫ్యాను ఆపి, చేతిలో విసనకర్ర పట్టుకుని విసురుతూ కూర్చుంటే ఎంత బాగుండేదో అని ఇవాళ్టికీ బాధపడతాను. కాబట్టి ఫ్యాను ఆపండి, ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, మడతపెట్టిన తువ్వాలు మీద, ఆవిడకు మూరెడు దూరంలో ఉంచండి. అరగంటకు మించి కూర్చోబెట్టవద్దు. మొదట తారీకు, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారో మీరే పలకండి, ఫైలు పేరు పోయినా ఆ గొంతు చెబుతుంది. గంట మాటలు కాగితం మీదికి దించడానికి మాకు ఐదు గంటలు పట్టింది, ఆ లెక్కన సమయం పెట్టుకోండి.

"నీ జీవితం గురించి చెప్పు" అంటే ఎవరూ చెప్పలేరు. "ఏముంది చెప్పడానికి, కష్టపడ్డాం, పిల్లల్ని పెంచాం" అని ఊరుకుంటారు. చిన్న ప్రశ్నలు అడగాలి. పుట్టింటి వాకిలి ఏ ముఖం? నూతికి చేద ఎవరు లాగేవారు? వానాకాలం పొయ్యిలోకి ఎండు కట్టెలు ఎక్కడ దాచేవారు? సంతకు సవరలు ఏమేమి తెచ్చేవారు, చింతపండుకీ అడ్డాకులకీ బదులు ఏం తీసుకెళ్ళేవారు? కాపురానికి వచ్చినప్పుడు పెట్టెలో ఎన్ని చీరలు? మొదట విన్న ఒడియా మాట ఏది, ఎవరి నోట? ఈ ఆఖరి ప్రశ్నకు నాన్నమ్మ, ఆడపడుచులు తనను చూసి "నూఆ బొహూ" అని నవ్వుకున్నారనీ, అది తిట్టేమోనని రాత్రంతా దిగులు పడ్డాననీ, కొత్త కోడలని అర్థమని మర్నాడు తాతయ్య చెప్పాడనీ చెప్పింది. మా నాన్నకు కూడా ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

పెట్టె, ఫొటోలు

ట్రంకు పెట్టె తెరిచే రోజున ఇద్దరు ఉండండి, ఒకరు తీయాలి, ఒకరు రాయాలి. ఏ వస్తువు ఏ పొరలో ఉందో ఫొటో తీశాకే బయట పెట్టండి, ఎందుకంటే ఆవిడ అమర్చిన వరుసకు ఒక అర్థం ఉంటుంది. మా నాన్నమ్మ పెట్టె అడుగున పెళ్ళి చీర ఉంటుందనుకున్నాము. అక్కడ ఒక పసి చొక్కా ఉంది. దాని సంగతి తరవాత చెబుతాను.

పాత ఫొటోల విషయం త్వరగా ముగిస్తాను. జిగురు పేజీల ఆల్బమ్ నుంచి ఫొటో రాకపోతే లాగవద్దు, పేజీతోనే స్కాన్ చేయించండి. ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాయవద్దు, అచ్చు ముందుకు తేలుతుంది, మెత్తని పెన్సిలుతో అంచున రాయండి. స్కానింగు 600 డీపీఐకి తగ్గకుండా చేయించండి. ఒక దుకాణంలో మా తాతయ్య ఫొటోకు అడగకుండానే రంగులు వేసి, చెవి పోగులు చెరిపేసి ఇచ్చారు. ఏ మార్పూ చేయవద్దని ముందే గట్టిగా చెప్పి, అసలు ఫొటోను ఆ రోజే వెనక్కి తెచ్చుకోండి. అన్ని ఫైళ్ళకూ మూడు నకళ్ళు ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. తిత్లీ వరదలు చూసిన జిల్లాలో ఈ మాటకు కారణం చెప్పనక్కరలేదు.

వంటింటి లెక్క

పెద్దావిడ వంటలు రాయడం అందరూ చేస్తారు, కానీ 'తగినంత ఉప్పు' అని రాస్తే ఆవిడ వంట అందులో ఉండదు. మా నాన్నమ్మ కొలతలన్నీ ఒక ఇత్తడి సోల మీద నడిచేవి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని లెక్క చెబుతారు గానీ, ఊరిని బట్టి, ఇంటిని బట్టి గిన్నె మారుతుంది. అందుకని ఆ గిన్నెనే తలకొట్టి బియ్యంతో నింపి, ఇంటి తూకం మీద పెట్టి గ్రాములు రాసుకోండి. ఆవిడ పిడికెడు ఎంతో తెలియాలంటే, ఆవిడ చేతి కింద వంట నేర్చుకున్న కోడలి చేత పోయించి తూచండి. మా అమ్మ పిడికెడు పప్పు ఐదుసార్లు తూచాము, ప్రతిసారీ ఒకటి రెండు గ్రాముల తేడాతో అదే బరువు వచ్చింది. అది ఆమె అత్తగారి చేతి నుంచి వచ్చిన కొలత.

పండుగలలో మార్గశిర లక్ష్మివారాలకు ప్రత్యేకంగా పేజీలు కేటాయించండి. ఆ గురువారాలు మనకు లక్ష్మివారాల నోము, ఒడియావారికి మాణబసా. మా ఇంట్లో నాన్నమ్మ గుమ్మం నుంచి ధాన్యపు గాదె దాకా బియ్యప్పిండితో లక్ష్మీపాదాలు వేసేది. పక్కింటి ఒడియా ఆవిడ దగ్గర నేర్చుకున్న వరికంకుల ముగ్గు వాటికి రెండు వైపులా దించేది, కథ మాత్రం తెలుగులోనే చెప్పేది. పాదం వేసే తీరు ఇది: పిడికిలి మడిచి, చిటికెన వేలి వైపు అంచును తడి పిండిలో ముంచి నేల మీద అద్దితే అరికాలు పడుతుంది. తరవాత చూపుడు వేలి కొసతో ఐదు చుక్కలు, బొటనవేలి చుక్క ముందు, అది కాస్త పెద్దది. ఎడమ పాదానికి ఎడమ చెయ్యి, కుడి పాదానికి కుడి చెయ్యి. మడమ గుమ్మం వైపు, వేళ్ళు ఇంటి లోపలి వైపు. ఇటువంటివి మాటల్లో ఎంత రాసినా చాలదు కనుక, ఇంట్లో ఎవరికి ఆ చెయ్యి వచ్చిందో వాళ్ళ చేత వేయించి, అంచెలంచెలుగా ఫొటోలు తీసి వేయండి. ఒడియావారి పండుగ ప్రథమాష్టమి నాడు ఇంటి పెద్దబిడ్డకు పసుపు ఆకుల్లో ఎండురి పిఠా అనే పిండివంట ఉడికించడం కూడా మా ఇంట్లో ఆమెతోనే మొదలైంది.

రాయాలా వద్దా అనిపించేవి

పెట్టె అడుగున దొరికిన పసి చొక్కా మా నాన్న కన్నా ముందు పుట్టిన మగబిడ్డది. రెండేళ్ళు నిండకుండానే అమ్మవారు పోసి పోయాడు. ఆ తరంలో ప్రతి రెండో ఇంట్లో ఇటువంటి బిడ్డ ఒకరు ఉంటారు, వంశవృక్షంలో వారి పేరు ఉండదు. మేము మేనత్తలను అడిగి, ఒప్పించి, ఆ బిడ్డ పేరును అన్నదమ్ముల వరుసలో తన స్థానంలో రాశాము. మీరూ రాయమనే నా సలహా, ఎందుకంటే తల్లి అరవై డెబ్భై ఏళ్ళు దాచుకున్న బిడ్డను పుస్తకం వదిలేయకూడదు. మశూచిని 'అమ్మవారు పోసింది' అన్నదాన్ని అలాగే ఉంచి, ఇది మశూచి అని పక్కన ఒక్క మాట చేర్చండి, మనవల పిల్లలకు ఆ జబ్బు పేరే తెలియదు.

ఆస్తి తగాదాలు, మాటలు మానుకున్న చుట్టరికాలు, అత్తాకోడళ్ళ మధ్య నడిచినవి వేరు. బతికి ఉన్నవారిని నొప్పించేదానిని అచ్చులో వేయకూడదని నా అభిప్రాయం, అలాగని లేనట్టు అబద్ధం రాయకూడదు. 'ఆ పదేళ్ళూ రెండు ఇళ్ళ మధ్య రాకపోకలు లేవు' అన్న ఒక్క వాక్యం చాలు. వివరంగా చెప్పిన రికార్డింగును చెరపకుండా, విడిగా, ఎవరి దగ్గర ఉందో తెలిసేలా దాచండి.

ఆవిడను దేవతను చేయవద్దు. మా నాన్నమ్మకు కోపం ఎక్కువ, అన్నం దగ్గర ఆలస్యమైతే సహించేది కాదు, "బేగి రండి" అని మూడోసారి పిలిచాక కంచం తీసేసేది. అది రాసిన పేజీనే మనవలంతా ముందుగా చదివారు.

పుస్తకం చేయడం

ఇక్కడ మన చిక్కు ఒకటి ఉంది. ఆవిడ మాట తెలుగు, మనవలకు చెవిన పడితే అర్థమవుతుంది, కానీ వారు చదివినది ఒడియా బడిలోనో ఇంగ్లీషు బడిలోనో కనుక తెలుగు అక్షరాలు రావు. ఆవిడ మాటలను ఒడియాలోకి అనువదిస్తే ఆ గొంతు పోతుంది. మేము తెలుగు మాటలనే ఒడియా లిపిలో ఎదుటి పేజీలో వేశాము. అలా చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఒడియా లిపిలో ఎ, ఏ లకూ ఒ, ఓ లకూ వేరు వేరు గుర్తులు లేవు. మెడ, మేడ ఒకేలా పడతాయి. అందుకని దీర్ఘం ఉన్నచోట అక్షరం మీద చిన్న గీత పెట్టి, మొదటి పేజీలో ఆ సంగతి చెప్పాము. రెండోది, ఒడియా చదివే అలవాటున్న పిల్లలు గుణింతం లేని హల్లును 'ఒ' కలిపి పలుకుతారు, 'కమల' వారి నోట దాదాపు 'కొమొలొ' అవుతుంది. దానికి లిపిలో మందు లేదు, ఆవిడ గొంతు వినిపించడమే మందు. అధ్యాయం మొదట ఒక క్యూఆర్ కోడ్ వేసి రికార్డింగుకు కలిపితే పిల్లలు వింటూ చదువుకుంటారు. ఆ లింకు ఎప్పుడో ఒకనాడు పనిచేయకుండా పోతుంది కనుక, పుస్తకంతో పాటు ప్రతి ఇంటికీ ఒక పెన్‌డ్రైవ్ కూడా ఇవ్వండి.

డీటీపీ చేసేవారిని యూనికోడ్‌లోనే కూర్చమని అడగండి. పాత తరహా ఫాంట్లలో చేసిన ఫైలు పదేళ్ళ తరవాత తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. అక్షరం 14 పాయింట్లకు తగ్గకూడదు, ఎందుకంటే చదివేవారిలో ఆవిడ ఈడువారు కూడా ఉంటారు. స్పైరల్ బైండింగ్ వద్దు, కుట్టు బైండింగ్ చేయించండి. సంవత్సరీకానికి రెండు నెలల ముందే చిత్తు ప్రతి తీసి, కనీసం నలుగురు పెద్దలకు చదివి వినిపించండి. కళ్ళు కనిపించనివారికి మరీ ముఖ్యంగా వినిపించండి. చివర ఎనిమిది పేజీలు ఖాళీగా వదిలి, 'తరవాత తెలిసినవి' అని శీర్షిక పెట్టండి.

మేము చిత్తు ప్రతిని చాలామందికి చదివాము గానీ, నాన్నమ్మ చెల్లెలికి ఆరోగ్యం బాగాలేక చదవలేకపోయాము. సంవత్సరీకం నాడు ఆమె పాతపట్నం నుంచి వచ్చి, భోజనాలయ్యాక గోడకు చేరగిలబడి, చదవమంది. ఏరు పొంగిన సంగతి దగ్గర చెయ్యి ఎత్తి ఆపింది. "నాయన బుజం కాదు, మావ బుజం. నాయన ఎడ్లని పట్టుకున్నాడు. కూకున్నది నాను కదా, నాకు తెలీదా?" అంది. అచ్చైన వాక్యాన్ని మేము కొట్టివేయలేదు, అది నాన్నమ్మ గుర్తు పెట్టుకున్న తీరు. చిన్న నాన్నమ్మ మాటను చివరి ఖాళీ పేజీలలో మొదటి దానిలో, ఆ రోజు తారీకు వేసి, ఆమె చెప్పినది చెప్పినట్టు రాసి, ఏ పేజీకి సంబంధించినదో పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టాము. ఆమె వేలిముద్ర వేస్తానంది, వేయించాము.